పావుగంట మాటకున్న బలమెంత?

కుర్రవాళ్ల తాగుడు గురించి మన దగ్గర మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు కొసల మధ్యే తిరుగుతుంది. ఒక కొసన కాలేజీ ఆడిటోరియంలో సదస్సు, ర్యాలీ, ప్రతిజ్ఞ. ఇంకో కొసన డీ-అడిక్షన్ సెంటరు. తాగనివాడి కోసం మొదటిది, ఇక చేయి దాటిపోయాడని ఇంట్లోవాళ్లు తేల్చుకున్నాక రెండోది. శనివారం రాత్రి స్నేహితులతో కూర్చుని, ఆ ఒక్క పూటలోనే క్వార్టరు దాటించి, బండి మీద హాస్టలుకు తిరిగొచ్చే ఇరవయ్యేళ్లవాడు ఈ రెండింటిలో దేనికీ అందడు. అతణ్ణి ఎవరూ తాగుబోతు అనుకోరు, అతను అసలే అనుకోడు. కానీ రాత్రిపూట క్యాజువాలిటీకి వచ్చే తలగాయాల్లో, విరిగిన చేతుల్లో అతని వాటా తక్కువేమీ కాదు. ఇలాంటివాళ్ల కోసం వైద్యులు, మనస్తత్వ నిపుణులు దశాబ్దాలుగా ఒక మధ్యేమార్గాన్ని పరీక్షిస్తూ వస్తున్నారు. దాని పేరు బ్రీఫ్ ఇంటర్వెన్షన్. ఇక్కడ క్లుప్త కౌన్సెలింగ్ అందాం. ఐదు నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా, ఒకసారో రెండుసార్లో, తాగే మనిషితో తిట్టకుండా, భయపెట్టకుండా మాట్లాడటం. ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న మీద ఇప్పటికే వందల పరీక్షలు జరిగాయి. వాటిని కలిపి చదివితే నాకు తోచింది ఇది: ప్రభావం ఉంది, అది చిన్నది, దాని విలువంతా ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అడుగుతున్నారన్నదాన్ని బట్టే ఉంది. దీన్ని దివ్యౌషధమన్నవాళ్లూ, కాలక్షేపమని కొట్టిపారేసినవాళ్లూ ఒకే అంకెల్ని రెండు వైపులకు లాగుతున్నారు.

ఈ ఆలోచనకు మొలక లండన్‌లో పడింది. 1977లో జిమ్ ఆర్ఫర్డ్, గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు పరిశోధకులు తాగుడు సమస్య ఉన్న వందమంది పెళ్లయిన మగవాళ్లను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి అప్పట్లో ఆసుపత్రి ఇవ్వగలిగిన వైద్యమంతా ఇచ్చారు. రెండో బృందంలోని వారికి భార్య ఎదుట ఒకే ఒక్కసారి కూర్చోబెట్టి, ఇది మీ చేతిలో ఉన్న పని అని చెప్పి పంపారు. ఏడాది తరవాత చూస్తే రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క మాట ఏడాది వైద్యమంత గొప్పదని దీన్ని చదవవచ్చు. ఏడాది వైద్యం ఒక్క మాటంత పేలవమనీ చదవవచ్చు. ఆ తరవాత వచ్చినవాళ్లు మొదటి అర్థాన్నే ఎక్కువగా పట్టుకున్నారు. 1983లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో కాలేయ పరీక్ష ఫలితాలు చూపించి మాట్లాడటం మీద ఒక అధ్యయనం వెలువడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల ఆడిట్ అనే పరీక్షాపత్రాన్ని తయారుచేయించింది. నలభైకి ఎనిమిది మార్కులు, అంతకన్నా ఎక్కువ వస్తే జాగ్రత్తపడాల్సిన తాగుడు అని లెక్క. అయితే గుర్తుంచుకోవలసిన సంగతి, ఈ తొలినాటి పనంతా నడివయసు వాళ్ల మీద జరిగింది. కుర్రవాళ్లకు ఇంకా కాలేయం పాడవదు, ఉద్యోగం పోదు, భార్య పుట్టింటికి వెళ్లదు. వాళ్లతో మాట్లాడటానికి వేరే ముడిసరుకు కావాలి.

క్లుప్త కౌన్సెలింగ్‌లో అసలు ఏం జరుగుతుందో దగ్గరగా చూడకపోతే ఈ వాదనంతా గాలిలోనే ఉంటుంది. అర్ధరాత్రి బండి మీంచి పడి మోచేతికి కుట్లు వేయించుకున్న కుర్రవాడు బల్ల మీద కూర్చున్నాడనుకుందాం. మామూలుగా అతని చెవిన పడే మాటలు మనకు తెలిసినవే: "ఈ వయసులో ఇదేం పోయేకాలం? మీ నాన్న నంబరు చెప్పు." శిక్షణ ఉన్న నర్సు అయితే ముందు అతని ఒప్పుదల అడుగుతుంది. "బాబూ, రాత్రి జరిగినదాని గురించి ఓ పది నిమిషాలు మాట్లాడుకుందామా? వద్దంటే వద్దులే." అతను సరేనన్నాక ఎంత తాగాడు, వారంలో ఎన్నిసార్లు కూర్చుంటాడు అని అడిగి, ఆ లెక్కను అతని ముందే పెడుతుంది. తరవాత ఇంకో ప్రశ్న: "తగ్గించడం నీకు ఎంత ముఖ్యమనిపిస్తోంది? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పు." "నాలుగు, మేడమ్." కిటుకంతా ఇక్కడే ఉంది. "నాలుగేనా?" అంటే అతను తన తాగుడును వెనకేసుకొస్తాడు. "మరి ఒకటి అనలేదేం?" అని అడిగితే, తగ్గించడానికి తనకున్న కారణాలను తనే ఒక్కొక్కటిగా బయటికి తీస్తాడు: మిగిలిపోయిన సబ్జెక్టులు, బండి రిపేరు ఖర్చు, వెనక కూర్చున్న స్నేహితుడికి ఏమన్నా అయ్యుంటే అన్న భయం. ఎదుటివాళ్లు చెప్పిన కారణం కన్నా తన నోటివెంట వచ్చిన కారణానికి మనిషి ఎక్కువ కట్టుబడతాడన్నది ఈ పద్ధతికి పునాది. విలియం మిల్లర్ 1983లో దీన్ని ప్రతిపాదించాడు, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం చేశాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మన పెద్దవాళ్ల హితబోధకు ఇది తలకిందుల వ్యవహారం; మాట్లాడేవాడు తక్కువ మాట్లాడాలి.

లెక్క ముందు పెట్టడం అన్నాను. ఆ లెక్క మన దగ్గర తేలికైనదేమీ కాదు. ఆడిట్ పత్రం "తాగిన రోజున ఎన్ని డ్రింకులు?" అని అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాలు. మన వైన్స్‌లో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం, అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గు ఒక డ్రింకు, నైంటీ మూడు, 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు. ఒకే పూటలో 60 గ్రాములకు చేరితే దాన్ని అతిగా తాగడం కింద లెక్కగడతారు కాబట్టి, మనిషికో క్వార్టరు అనుకుని మొదలెట్టిన ప్రతి సిట్టింగూ ఆ గీత మీదే ముగుస్తుంది. బీరు కథ ఇంకా తమాషా. 650 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు ఉంటే అందులో ఆల్కహాలు 40 గ్రాములు దాటుతుంది. "బీరేగా" అంటూ రెండు సీసాలు తాగిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఎనిమిది పెగ్గుల విస్కీ తాగినట్టే. కల్లును మందు కిందే జమకట్టని ఇళ్లు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి, "మందు అలవాటుందా?" అని అడిగితే అక్కడ లేదనే జవాబు వస్తుంది, ఆ జవాబులో అబద్ధం కూడా ఉండదు. చాలామంది కుర్రవాళ్లకు ఈ సంభాషణలో మొట్టమొదటి ఆశ్చర్యం ఈ కొలతల దగ్గరే కలుగుతుందని నా అంచనా. ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి మార్చేవాళ్లు డ్రింకుల్ని నైంటీల్లోకి, క్వార్టర్లలోకి, సీసాల్లోకి మార్చకపోతే మిగతా పనంతా ఇసుక మీద కట్టడమే.

కుర్రవాళ్ల మీద పని మొదట గట్టిగా జరిగింది అమెరికా కాలేజీల్లో. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ బృందం, అతిగా తాగే అలవాటుతో కాలేజీలో చేరుతున్న 348 మందిని ఎంచుకుంది. వాళ్లలో సగం మందితో మొదటి ఏడాదిలోనే ఒక్కొక్కరితో ఓ ముప్పావుగంట మాట్లాడారు. 1998లో వచ్చిన వాళ్ల నివేదిక ప్రకారం రెండేళ్ల తరవాత కూడా ఆ సగం మంది మిగతావారి కన్నా కాస్త తక్కువ తాగుతున్నారు, తాగి తెచ్చుకునే చిక్కులు ఇంకా తక్కువ. ఆ సంభాషణలో ముఖ్యభాగం ఒక చిన్న పోలిక: నీ తోటివాళ్లు ఎంత తాగుతున్నారని నువ్వనుకుంటున్నావు, నిజానికి ఎంత తాగుతున్నారు? అంతకు పన్నెండేళ్ల ముందే, 1986లో, వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కోవిట్జ్ ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. విద్యార్థులు తమ తోటివాళ్లు తాగే దాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారు. అందరూ ఊహించుకున్న ఆ లేని సగటును అందుకోవడానికి ఒక్కొక్కరూ తంటాలు పడతారు. దీన్ని సరిదిద్దితే చాలు తాగుడు తగ్గుతుందని కొంతకాలం గొప్ప ఉత్సాహం నడిచింది. తరవాత జరిగిన విడివిడి పరీక్షల్లో ఆ సవరణ ఒక్కదానికే దక్కిన ఫలితం చాలా స్వల్పమని తేలింది. ఉన్న అపోహ పోవడమూ, ఉన్న అలవాటు పోవడమూ వేరువేరు సంగతులు.

ఇక మొత్తం లెక్కకు వద్దాం. 2015లో ఎమిలీ టానర్-స్మిత్, మార్క్ లిప్సీ 11 నుంచి 30 ఏళ్ల వాళ్ల మీద జరిగిన 185 అధ్యయనాలను కలిపి చూశారు. తాగుడు తగ్గిందనీ, ఆ తగ్గుదల ఏడాది దాకా నిలిచిన ఆనవాళ్లున్నాయనీ, పద్ధతి చవకైనది కాబట్టి చిన్న లాభమైనా విలువైనదేననీ వాళ్ల తీర్పు. మరుసటి ఏడాది డేవిడ్ ఫాక్స్‌క్రాఫ్ట్ బృందం కాక్రేన్ సంస్థ తరఫున 84 పరీక్షలను, దాదాపు 23 వేలమంది యువతీయువకుల వివరాలను వడబోసింది. వాళ్ల తీర్పు ఎదురుతిరిగింది: ఆచరణలో లెక్కలోకి తీసుకోదగ్గ మేలేమీ లేదు. రెండు తీర్పుల్లోని అంకెలను పక్కపక్కన పెడితే మాత్రం పెద్ద గొడవేమీ కనపడదు. కాక్రేన్ లెక్కలో వారానికి సగటున 13.7 డ్రింకులు తాగే కుర్రవాడు కౌన్సెలింగ్ తరవాత 12.5 తాగుతాడు. అంటే మన భాషలో వారానికి ఒక పెగ్గు, దాని మీద ఇంకో గుక్క తక్కువ. ఈ ఒక్క పెగ్గును ఒకరు "చిన్నదే అయినా లాభమే" అన్నారు, ఇంకొకరు "లాభమే అయినా చిన్నది" అన్నారు. అదే కాలంలో డేవిడ్ హూ బృందం నివేదికల సగటులతో సరిపెట్టుకోకుండా, 17 అధ్యయనాల్లోని ఒక్కొక్క విద్యార్థి అసలు వివరాలను తెప్పించి కొత్తగా లెక్కగట్టింది. తేడా ఇంకా కుంచించుకుపోయింది. పెద్దవాళ్ల విషయంలో 2018 నాటి కాక్రేన్ సమీక్ష వారానికి 20 గ్రాముల, అంటే రెండు పెగ్గుల, తగ్గుదల చూపించింది. కుర్రవాళ్ల దగ్గర ఆ మాత్రం కూడా కనిపించలేదు. నేను ఈ అంకెల్ని నమ్ముతాను. తొలినాటి కాలేజీ అధ్యయనాలు చూపించిన వెలుగు, పరీక్షలు పెద్దవీ పకడ్బందీవీ అయ్యేకొద్దీ మసకబారింది. వైద్యశాస్త్రంలో ఇది వింతేమీ కాదు.

ఈ పరీక్షలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పోలిక బృందాల తీరు. కౌన్సెలింగ్ అందినవాళ్లు తగ్గించారు, అందనివాళ్లూ తగ్గించారు. 2013లో ఇంగ్లండులో 29 డాక్టర్ల క్లినిక్కుల్లో జరిగిన సిప్స్ పరీక్షలో పెద్దవాళ్లను మూడు బృందాలు చేశారు. మొదటివారికి వాళ్ల మార్కులు చెప్పి ఒక కరపత్రం చేతిలో పెట్టారు, రెండోవారికి దాంతోపాటు ఐదు నిమిషాల సలహా, మూడోవారికి ఇరవై నిమిషాల కౌన్సెలింగ్. కొన్ని నెలలకు మూడు బృందాలూ మెరుగుపడ్డాయి, మూడింటి మధ్యా తేడా లేదు. అదే వరసలో ఇంగ్లండు ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చిన 14 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద జరిగిన పరీక్షలో, సలహా గానీ ఫోన్‌లోని యాప్ గానీ ఉత్త ప్రశ్నలు అడిగి వదిలేసిన దానికన్నా ఎక్కువ సాధించలేదు. లండన్ కాలేజీల్లో మెక్‌కాంబ్రిడ్జ్, స్ట్రాంగ్ 200 మందితో చేసిన పనిలో మూడు నెలలకు మంచి ఫలితం కనిపించి, పన్నెండు నెలలకు చెరిగిపోయింది. చెరిగిపోవడానికి ఒక కారణం పోలిక బృందం కూడా మెరుగుపడటం. దీనికి రెండు వివరణలున్నాయి. అతిగా తాగుతున్న రోజుల్లో పట్టుకున్నవాళ్లు కొన్నాళ్లకు ఎలాగూ తమ మామూలుకు వస్తారు. జ్వరం నడిమధ్యలో కొలిస్తే మరుసటి వారం అందరికీ తగ్గినట్టే ఉంటుంది. రెండోది, ఎంత తాగుతున్నావని ఎవరైనా పద్ధతిగా అడగడమే మనిషిని ఆలోచనలో పడేస్తుంది. మొదటి వివరణే పెద్ద వాటా అని నా నమ్మకం. రెండోదానికి చిన్న వాటా ఉన్నా, మనలాంటి చోట దాని ధర దాదాపు సున్నా కాబట్టి పట్టించుకోవాల్సిందే.

మరి ఏదో ఒక చోట ఇది సగటును మించి పనిచేసిందా? నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం 1999లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ నుంచి వచ్చింది. పీటర్ మాంటీ బృందం తాగిన మత్తులో దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వచ్చిన 18, 19 ఏళ్ల 94 మందిని తీసుకుంది. కొందరికి అక్కడి మామూలు సలహా, కొందరికి ఒకసారి పైన చెప్పిన తీరు సంభాషణ. ఆరు నెలల తరవాత తాగే మోతాదు రెండు బృందాల్లోనూ ఒకేలా తగ్గింది. కానీ సంభాషణ జరిగినవాళ్లలో తాగి బండి నడపడం తక్కువ, ట్రాఫిక్ కేసులు తక్కువ, తాగి దెబ్బలు తగిలించుకోవడం తక్కువ. అంటే కుర్రవాడు గ్లాసు పక్కన పెట్టలేదు. తాళంచెవి పక్కన పెట్టాడు. గ్రాములు మాత్రమే లెక్కపెట్టే సమీక్షల్లో ఈ లాభం దాదాపు కనపడదు. వారానికి ఒక పెగ్గు తగ్గిందా లేదా అన్నది కాలేయం అడగాల్సిన ప్రశ్న. ఇరవయ్యేళ్లవాడికి ముందున్న ప్రమాదం కాలేయం కాదు, రోడ్డు. వాషింగ్టన్ విద్యార్థుల్లోనూ మోతాదు కన్నా చిక్కుల్లో తగ్గుదలే ఎక్కువగా కనిపించిందని గుర్తుచేసుకుంటే, కుర్రవాళ్ల విషయంలో మనం ఇంతకాలం తప్పు కొలతతో కొలుస్తున్నామేమో అనిపిస్తుంది. 94 మంది చిన్న సంఖ్యే, ఇంగ్లండు ఫలితం దీనికి ఎదురుగానే ఉంది. అయితే ఇంగ్లండులో పిల్లలు ఏ జబ్బుతో ఎమర్జెన్సీకి వచ్చినా ప్రశ్నలు అడిగారు. రోడ్ ఐలాండ్‌లో తాగినందువల్లే దెబ్బ తగిలినవాళ్లతో మాట్లాడారు. గాయం పచ్చిగా ఉండగా అడిగిన ప్రశ్నకూ, చెవినొప్పికి వచ్చినవాణ్ణి అడిగిన ప్రశ్నకూ ఒకే ఫలితం రావాలని లేదు.

బడిపిల్లల దగ్గర కథ మరీ పలచన. టానర్-స్మిత్ లెక్కలో 18 ఏళ్ల లోపువాళ్లకే ప్రభావం ఎక్కువని వచ్చింది గానీ, 185లో ఆ వయసువాళ్ల మీద జరిగినవి 24 మాత్రమే. 2018లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 18 దాటినవాళ్లను డాక్టర్లు తప్పక అడగాలని సిఫారసు చేసి, 12 నుంచి 17 ఏళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం చాలదని ఆగిపోయింది. ఇంగ్లండులో 30 బడుల్లో 14, 15 ఏళ్ల పిల్లలతో అరగంట మాట్లాడిన ప్రయోగం ఏడాది తరవాత ఏ తేడా చూపలేదు. దీనికి భిన్నంగా ప్యాట్రిషియా కాన్రాడ్ లండన్ బడుల్లో చేసిన పని ఆశ రేపుతుంది. ఆమె తాగుడు గురించి మాట్లాడటం బాగా తగ్గించి, ఆందోళన, నిస్పృహ, దుందుడుకుతనం, థ్రిల్లు కోసం వెంపర్లాట అనే నాలుగు స్వభావాల్లో ఏదో ఒకటి ఎక్కువున్న పిల్లలను ఏరి, ఆ స్వభావాన్ని ఎలా నెట్టుకురావాలో రెండు విడతల్లో నేర్పింది. బడిలోని సిబ్బందే నేర్పారు, రెండేళ్ల దాకా తేడా నిలిచింది. ఇది మన అర్థంలో క్లుప్త కౌన్సెలింగ్ అవునా కాదా అన్నది తర్కించవచ్చు. తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టి చెప్పడం మాత్రం కాదు.

మన దేశంలో పరిస్థితి చూద్దాం. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో తాగేవాళ్లు దాదాపు 16 కోట్లు, అందులో బానిసలైనవాళ్లు 3 కోట్లకు దగ్గర. ఆ బానిసలైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. మిగిలిన 13 కోట్లమందిని అడిగే నాథుడే లేడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. దేశం మొత్తమ్మీద 19 శాతం. ఇంత పెద్ద దేశంలో క్లుప్త కౌన్సెలింగ్‌కు ఉన్న గట్టి ఆధారం గోవా నుంచి వచ్చింది. అక్కడి సంగాత్ సంస్థలో అభిజిత్ నద్కర్ణి, విక్రమ్ పటేల్ తదితరులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగే 377 మంది మగవాళ్ల మీద పరీక్ష జరిపారు. మాట్లాడినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవాళ్లు కారు. స్థానికంగా ఎంపికచేసి శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు. గరిష్ఠంగా నాలుగు విడతల మాట. మూడు నెలలకు ప్రమాదపు గీత దిగువకు వచ్చినవాళ్లు 36 శాతం, మామూలు వైద్యం అందినవాళ్లలో 26 శాతం. ఏడాదికి ఆ అంతరం తగ్గలేదు, పెరిగింది: 54, 32. పాశ్చాత్య దేశాల కుర్రవాళ్ల దగ్గర చూసిన ఒక్క పెగ్గు తేడాతో పోలిస్తే ఇది మరో లోకం. ఎందుకంత తేడా అంటే, అక్కడి పోలిక బృందానికి అప్పటికే కాలేజీ క్లినిక్కు, కరపత్రాలు, టీవీ ప్రచారాలు ఉన్నాయి. గోవా పల్లెలో పోలిక బృందానికి మామూలు వైద్యం తప్ప ఏమీ లేదు. ఏమీ లేనిచోట మొదటి మాటకు విలువెక్కువ. అయితే వాళ్లు 18 నుంచి 65 ఏళ్ల వాళ్లు, అందరూ మగవాళ్లు, ముదిరిన తాగుడు. దాన్ని నేరుగా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలుకు అన్వయించడం తొందరపాటే. మనం గోవా నుంచి తెచ్చుకోవాల్సింది అంకెను కాదు, అడిగే మనిషిని.

తెలుగు రాష్ట్రాల్లో ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదానికి రుజువులు చూపే చోట్లు రెండు మూడున్నాయి. మొదటిది జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రుల క్యాజువాలిటీ. శుక్ర, శని, ఆది రాత్రులు. రెండోది డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటి పట్టుబడ్డవాళ్లకు హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు కోర్టుకు ముందు కౌన్సెలింగ్ ఇవ్వడం ఏళ్లుగా ఉన్నదే, ఇంట్లోవాళ్లను వెంట తీసుకురమ్మనడమూ ఉంది. మనిషి ఆలోచించడానికి సిద్ధంగా ఉన్న ఘడియను పోలీసులు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ నాన్న పక్కన కూర్చుని ఉండగా ఏ కుర్రవాడూ నిజంగా ఎంత తాగుతాడో చెప్పడు. హాలులో అందరికీ కలిపి ప్రమాదాల వీడియోలు చూపిస్తే అది సదస్సే అవుతుంది. అదే హాలు పక్క గదిలో ఒక్కొక్కరితో పది నిమిషాలు, ఇంట్లోవాళ్లు బయట ఉండగా, యూనిఫాం లేని మనిషి మాట్లాడితే ఖర్చు పెద్దగా పెరగదు. ఆ గదిలో చెప్పింది కేసు కాగితాల్లోకి వెళ్లదన్న భరోసా మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. మూడోది కాలేజీ. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మత్తు అలవాట్లను తన ఆరు అంశాల్లో ఒకటిగా పెట్టుకుంది. అయితే అది 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకే. తాగుడు ముదిరే 20, 22 ఏళ్ల వాళ్లు దాని పరిధి దాటిపోతారు. కాలేజీలో అడిగే మనిషి ప్రిన్సిపాల్‌కు జవాబుదారీ అయితే ఆ గదికి ఎవరూ రారు. హాస్టల్ వార్డెన్ చేతిలో పెడితే మరీ ప్రమాదం. రెండో రోజుకే పేర్లు నోటీసు బోర్డు ఎక్కుతాయి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో నైతికమైనది ముందు చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అలాంటప్పుడు పంతొమ్మిదేళ్లవాడితో "తగ్గించు" అనడం "కొంచెం తాగు" అని పరవానా ఇవ్వడం కాదా? తల్లిదండ్రుల్లో ఈ జంకు నిజమైనది, తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కానీ పరీక్షల్లో ఎక్కడా ఇలాంటి సంభాషణ వల్ల తాగుడు పెరిగిన ఆనవాలు బలంగా కనపడలేదు. మానేయడమే మంచిదని చెప్పడానికి కూడా ఈ పద్ధతిలో చోటుంది. చెప్పేముందు అడగాలన్నదే దాని షరతు. పైగా 21 ఏళ్ల నిబంధన అమ్మేవాడి మీద పెట్టిన నిబంధన. దాన్ని వైన్స్ కౌంటరు దగ్గర అమలుచేయలేక, ఆసుపత్రి బల్ల మీద కుట్లు వేయించుకుంటున్నవాడి మీద అమలుచేయాలనుకోవడం ఏం న్యాయం?

రెండో అభ్యంతరం నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. మనిషిని కూర్చోబెట్టి బాధ్యత గుర్తుచేసే ప్రతి పద్ధతీ, మద్యం అమ్మేవాళ్ల బాధ్యతను కనుమరుగు చేస్తుంది. బాధ్యతగా తాగండి అన్న నినాదం కంపెనీలకు ఎందుకంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు; దానివల్ల ఒక సీసా కూడా తక్కువ అమ్ముడుపోదు. ఎక్సైజు రాబడి మీద ఆధారపడ్డ ప్రభుత్వానికీ కౌన్సెలింగ్ గది తెరవడం తేలిక, బెల్టు షాపు మూయించడం కష్టం. యువత తాగుడును నిజంగా పెద్ద ఎత్తున తగ్గించిన చోట్లు చూస్తే అక్కడ పనిచేసింది మాట కాదు. ఐస్‌లాండ్‌లో గత నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం; 2016లో 5 శాతం. అక్కడ చేసింది రాత్రిపూట పిల్లలు బయట తిరగడానికి వేళలు బిగించడం, బడి తరవాత ఆటలకూ సంగీతానికీ డబ్బు పెట్టడం, తల్లిదండ్రులను బడికి కట్టిపడేయడం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఐదు చర్యల జాబితాలో క్లుప్త కౌన్సెలింగ్ ఒకటి మాత్రమే. మిగతావి అందుబాటు తగ్గించడం, తాగి నడపడాన్ని అరికట్టడం, ప్రకటనలు నిషేధించడం, ధర పెంచడం. మన చరిత్ర కూడా ఇదే చెబుతుంది, కాస్త చేదుగా. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల ఉద్యమం 1993 అక్టోబరులో సారాను నిషేధింపజేసింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఖజానా దాన్ని వెనక్కి తిప్పింది. కాబట్టి ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఒక్క తేడాతో: షాపుల సంఖ్య మీద పోరాటం తేలేదాకా క్యాజువాలిటీకి కుర్రవాళ్లు రావడం ఆగదు. వచ్చినవాణ్ణి పది నిమిషాలు అడగడం ఆ పోరాటానికి అడ్డు రాదు. అడ్డు వచ్చేది బడ్జెట్ పత్రంలో ఆ గదిని చూపించి మద్యం విధానం మీద చర్చను తప్పించుకున్నప్పుడే, ఆ పని జరిగినప్పుడు నిలదీయాల్సింది ఆ పనిని.

వారానికి ఒక పెగ్గు కోసం ఇంత యంత్రాంగమా అన్నది చివరి అభ్యంతరం. ఒక మనిషి విషయంలో అది నిజంగా ఏమీ కాదు. కాని మాంటీ అధ్యయనం చూపించినట్టు లాభం గ్లాసులో కాక రోడ్డు మీద ఉంటే, లెక్క మారుతుంది. అది మన దగ్గర నిజమో కాదో తేల్చడానికి రెండు మూడు బోధనాసుపత్రుల్లో లాటరీ పద్ధతిలో ఒక పరీక్ష జరిపితే చాలు. పెద్ద ఖర్చు పని కాదు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు, తాగి గాయపడి వచ్చినవాళ్లు. ఒక బృందానికి కొలతల కార్డు, ఇంకో బృందానికి కార్డుతోపాటు శిక్షణ పొందిన మామూలు కౌన్సెలరుతో పావుగంట. ఏడాది తరవాత కొలవాల్సింది గ్రాములతో పాటు తాగి బండెక్కిన రాత్రులు, మళ్లీ క్యాజువాలిటీకి వచ్చిన సార్లు, పోయిన సబ్జెక్టులు. అమ్మాయిలను వదిలేయకూడదు, వాళ్లు తాగే సంగతి ఒప్పుకోవడానికి మనకున్న ఇబ్బంది వల్ల వాళ్ల గురించి మన దగ్గర నమ్మదగ్గ లెక్కలు తక్కువ. ఏడాది తిరిగాక రెండు బృందాల మధ్య ఏ తేడా కనపడకపోతే ఆ సంగతీ అచ్చు వేయాలి. ఇంగ్లండువాళ్లు వేశారు.